బొమ్మ ఎందుకు పగిలింది?

(బి.యస్సీ. చివరి సంవత్సరం విద్యార్థిని, కల్లూరు)

"బొమ్మలు గీయడం పుట్టుకతో రావాలి, నేర్పితే వచ్చేది కాదు" అనే మాట మనం చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. ఆ మాటలో నిజమెంతో చెప్పే అర్హత నాకు లేదు. నేను కెమిస్ట్రీ విద్యార్థినిని. రికార్డు పుస్తకంలో బ్యూరెట్ బొమ్మ కూడా తిన్నగా గీయలేను. అయితే మా ఇంట్లో ఒక చిత్రకళా విద్యార్థి ఉన్నాడు. మా పెదనాన్న కొడుకు. అతను రంగులు నేర్చుకుంటూ పడ్డ పాట్లను దగ్గరగా చూశాను. ఆ పాట్లలో సగం చేతివాటానికి సంబంధించినవి కావనీ, మనం ల్యాబ్‌లో చదువుకునే పాఠానికి సంబంధించినవనీ ఆలస్యంగా తెలుసుకున్నాను. ఆ సంగతి నలుగురితో చెప్పుకుందామనే ఈ చిన్న ప్రయత్నం.

మా కల్లూరు ఖమ్మం నుంచి సత్తుపల్లి పోయే దారిలో ఉంటుంది. సాగర్ ఎడమ కాలువ కింద వరి, మెరక నేలల్లో మిరప, పత్తి, మామిడి తోటలు. ఇంకా ముందుకు కొత్తగూడెం, భద్రాచలం వైపు పోతే అడవి. అన్న 2021లో హైదరాబాదు వెళ్ళి చిత్రకళ కోర్సులో చేరాడు. ఆ ఏడాది చివర్లోనే నల్ల తామర పురుగు మా జిల్లా మిరప తోటలను ఊడ్చిపెట్టింది. పూతంతా రాలిపోయింది. పెదనాన్నకు పెట్టుబడిలో సగం కూడా చేతికి రాలేదు. అప్పటి నుంచి అన్న చదువు మాట వస్తే చాలు, "బొమ్మలు బువ్వ పెడతాయా?" అని పెద్దమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకునేది. పెదనాన్న మాత్రం ఏమీ అనేవాడు కాదు. ఏమీ అనకపోవడమే అన్నకు ఎక్కువ బాధగా ఉండేది.

2023 ఎండాకాలం సెలవులకు వస్తూ అన్న ఒక పెద్ద బొమ్మను ఫ్రేముతో సహా బస్సులో పట్టుకొచ్చాడు. నూనె రంగులతో అతను వేసిన మొదటి బొమ్మ అది. కల్లంలో ఆరబోసిన ఎర్రటి మిరపకాయలు, వాటి మధ్య కూర్చుని తాలుకాయ ఏరుతున్న పెద్దమ్మ. ఇంటికొచ్చి పైన కట్టిన పాత దుప్పటి విప్పి చూస్తే, పెద్దమ్మ భుజం మీదుగా చీర అంచు దాకా సన్నటి పగుళ్ళు! వేసి నాలుగు నెలలు కూడా కాలేదు. నీటి రంగుల్లో క్లాసులో మంచి మార్కులు తెచ్చుకున్న మనిషి, ఆ రోజు అన్నం ముందు కూర్చుని "నాకు చేతకాదు. కాలేజీ మానేస్తాను. ఇంకో రెండెకరాలు కౌలుకు తీసుకుందాం" అన్నాడు.

పెదనాన్న లేచి వెళ్ళి బొమ్మను వేలితో ముట్టి చూశాడు. "కింద ఆరనే లేదు కదరా, పైన ఎందుకు వేశావు? మట్టి గోడ పచ్చిగా ఉండంగానే సున్నం కొడితే పెచ్చులు లేవదా?" అన్నాడు. నాకేసి తిరిగి, "నువ్వు చదివే సైన్సులో ఇది లేదామ్మా?" అని అడిగాడు.

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. తర్వాత మా లెక్చరర్లను అడిగి, లైబ్రరీలో వెతికి తెలుసుకున్నది కింద రాస్తున్నాను.

మాధ్యమం అంటే ఏమిటి?

ఏ రంగులోనైనా మూడు వస్తువులుంటాయి. ఒకటి రంగు పొడి. రెండోది ఆ పొడిని కాగితానికో బట్టకో పట్టి ఉంచే జిగురు పదార్థం. మూడోది దాన్ని పలుచన చేసే ద్రవం. రంగు పొడి చాలావరకు అన్నిటిలోనూ ఒకటే. అదే ఎర్రమన్నును బంకలో నూరితే నీటి రంగు, అవిసె నూనెలో నూరితే నూనె రంగు, గుడ్డు సొనలో కలిపితే టెంపెరా, తడి సున్నం మీద పూస్తే ఫ్రెస్కో అవుతుంది. చిత్రకారులు మాధ్యమం అని పిలిచేది ఈ పట్టి ఉంచే పద్ధతినే.

మాధ్యమం మారితే రంగు ఆరే తీరు మారుతుంది. ఆరే తీరు మారితే పని చేసే వరుస మారుతుంది. రైతు బిడ్డలకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. నల్లరేగడిలో దున్నే అదను వేరు, ఎర్ర చల్కలో వేరు. విత్తనం ఒకటే కావచ్చు, రైతు కూడా అతడే కావచ్చు. చల్కలో ఆరితేరిన వాడు రేగడిలోకి దిగిన మొదటి ఏడాది తప్పు చేస్తే అతనికి వ్యవసాయం రాదని ఎవరూ అనరు కదా!

నీటి రంగులు

విద్యార్థి చేతికి మొదట వచ్చేవి ఇవే. వీటిలో వాడే జిగురు ముఖ్యంగా ఆఫ్రికాలో, అందులోనూ సూడాన్ ప్రాంతంలో దొరికే ఒక తుమ్మ జాతి చెట్టు బంక. మన నల్లతుమ్మకు అది చుట్టం. మా వైపు అడవుల్లో గిరిజనులు సేకరించే తపసి బంక దీనికి పనికిరాదు. అది నీటిలో కరగకుండా ఉబ్బుతుంది. అందుకే అది మందుల తయారీకి పోతుంది.

నీటి రంగు ఆరడం అంటే నీరు ఆవిరైపోవడం, అంతే. బంక కాగితం మీద మిగిలి రంగు పొడిని పట్టుకుంటుంది. ఇందులో రసాయన మార్పు లేదు. మళ్ళీ తడిపితే మళ్ళీ కరుగుతుంది. పూత పలుచగా ఉంటుంది కనుక కింది కాగితం కనబడుతుంది. కాగితం తెలుపే బొమ్మలో తెలుపు. కాబట్టి లేత రంగులు ముందు, ముదురు రంగులు తర్వాత వేయాలి. ఒకసారి నల్లబడిన చోటును మళ్ళీ వెలుగులోకి తేవడం కష్టం. పని వేగంగా సాగాలి, చెయ్యి తడబడకూడదు. అన్న రెండేళ్ళు కష్టపడి నేర్చుకున్నది ఈ వేగమే. ఆ వేగమే తర్వాత అతన్ని ముంచింది.

నూనె రంగులు

నూనె రంగు ఆరడం పూర్తిగా వేరు. ఇక్కడ ఆవిరయ్యేది దాదాపు ఏమీ లేదు. పలుచన చేయడానికి కలిపిన టర్పెంటైన్ పోతుంది గాని నూనె పోదు. అవిసె నూనెలోని కొవ్వు ఆమ్లాల్లో దాదాపు సగం లినోలెనిక్ ఆమ్లం. దాని అణువులో మూడు ద్విబంధాలు ఉంటాయి. అక్కడ గాలిలోని ఆక్సిజన్ పట్టుకుని, ఒక అణువును పక్క అణువుతో ముడివేస్తుంది. ముడి మీద ముడి పడి చివరికి చేపల వల లాంటి గట్టి పొర తయారవుతుంది. అంటే నూనె రంగు ఎండిపోదు, గాలి పీల్చి గట్టిపడుతుంది. తమాషా ఏమిటంటే ఆరుతున్న కొత్తలో దాని బరువు తగ్గదు, పెరుగుతుంది.

దీన్ని ఎవరైనా ఇంట్లో పరీక్షించి చూడవచ్చు. నేను మూడు గాజు ముక్కలు తీసుకుని ఒకదాని మీద అన్న సీసాలోని అవిసె నూనె, ఒకదాని మీద వేరుశనగ నూనె, ఇంకోదాని మీద కొబ్బరి నూనె పలుచగా రాసి, దుమ్ము పడకుండా కిటికీలో పెట్టాను. పది రోజుల తర్వాత అవిసె నూనె మీద పొర కట్టింది. మిగతా రెండూ మొదటి రోజు ఎలా ఉన్నాయో అలాగే జిడ్డుగా ఉన్నాయి. ఆ రెంటిలో ద్విబంధాలు తక్కువ. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకూడదు. ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే గుడ్డలు వాటంతట అవే అంటుకుంటాయి. వాటిని విప్పి ఆరేయాలి, లేదా నీళ్ళలో వేయాలి.

ముట్టుకుంటే చేతికి అంటని దశకు రావడానికి నూనె రంగుకు కొన్ని రోజులు పడుతుంది. లోపలి దాకా గట్టిపడడానికి నెలలు, మందంగా వేస్తే ఏడాది కూడా పట్టవచ్చు.

ఇప్పుడు అన్న బొమ్మ సంగతికి వస్తాను. కింద మిరపకాయల ఎరుపు కోసం అతను క్రిమ్సన్ రంగులో నూనె బాగా పోసి మందంగా వేశాడు. కాలేజీ ప్రదర్శనకు గడువు దగ్గర పడింది. వారం తిరగకుండానే దాని మీద పెద్దమ్మ రూపాన్ని గోధుమ రంగుతో, టర్పెంటైన్ ఎక్కువ కలిపి పలుచగా వేశాడు. ఇందులో రెండు తప్పులున్నాయి. మొదటిది, నూనె ఎక్కువైన పొర కింద, నూనె తక్కువైన పొర పైన పడింది. రెండోది రంగు పొడుల స్వభావం. క్రిమ్సన్ చాలా నెమ్మదిగా ఆరుతుంది. అన్న వాడిన గోధుమ రంగు బర్న్‌ట్ అంబర్‌లో మాంగనీసు ఉంటుంది. అది ఆరడాన్ని తొందరపెడుతుంది. దాంతో పై పొర త్వరగా గట్టిపడి కూర్చుంది. కింది పొర ఇంకా మెత్తగా ఉండి కదులుతూనే ఉంది. పైది దానితో సాగలేక పగిలింది.

అందుకే ప్రతి పై పూతలోనూ కింది పూత కంటే నూనె కాస్త ఎక్కువ ఉండాలని చిత్రకారులు నియమం పెట్టుకున్నారు. పెదనాన్న సున్నం గోడతో చెప్పింది ఈ నియమమే. అన్న ఈ మాటను క్లాసులో వినే ఉంటాడు. విన్నది వేరు, వేలికి తగిలింది వేరు.

ఈ మధ్య విద్యార్థులు ఎక్కువగా వాడే అక్రిలిక్ రంగులు 1950 దశాబ్దం తర్వాత వ్యాప్తిలోకి వచ్చాయి. నీటిలో తేలే ప్లాస్టిక్ కణాలే అక్కడ జిగురు. నీరు పోగానే ఆ కణాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. పావుగంటలో ఆరుతుంది, ఆరాక నీటికి కరగదు. తొందరలో ఉన్న వాడికి వరమే గాని, రెండు రంగులను ఒకదానిలోకి ఒకటి మెల్లగా కలపాలంటే సమయం చాలదు.

సున్నం, ఆమ్లం

గోడ మీద వేసే ఫ్రెస్కోలో జిగురే ఉండదు. తడి సున్నపు పూత మీద నీటిలో కలిపిన రంగు పొడి పూస్తారు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చి కాల్షియం కార్బనేటుగా, అంటే రాయిగా మారుతుంది. రంగు ఆ రాయిలోనే ఉండిపోతుంది. మనం గొట్టంతో సున్నపు తేటలోకి ఊది తెల్లబరచే ప్రయోగమే ఇది! పూత తడిగా ఉన్నంతసేపే పని కాబట్టి ఆ రోజు ఎంత వేయగలరో అంత గోడకే సున్నం పూస్తారు. అజంతా చిత్రాలు ఈ పద్ధతివి కావు. అక్కడ పూత ఆరాక జిగురు కలిపిన రంగులు వేశారు.

ఎచింగ్‌లో కుంచె కూడా లేదు. జింకు రేకు మీద మైనం లాంటి పూత పూసి, సూదితో గీతలు గీసి, పలుచని నత్రికామ్లంలో ముంచుతారు. పూత తొలగిన చోట లోహాన్ని ఆమ్లం తినేస్తుంది. ఎంతసేపు ఉంచితే గీత అంత లోతు. ఆ లోతులో సిరా నింపి, తడి కాగితం పెట్టి యంత్రంలో ఒత్తితే బొమ్మ తిరగబడి అచ్చవుతుంది. కుడిచేయి ఎడమచేయి అవుతుంది. నల్లదనాన్ని నిర్ణయించేది చేతి బలం కాదు, గడియారం.

ఈ ఎచింగ్‌లో మన తెలుగువాడు కె. లక్ష్మాగౌడ్ దేశమంతా పేరు తెచ్చుకున్నారు. ఆయన 1940లో ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. హైదరాబాదులో చిత్రకళ డిప్లొమా పూర్తి చేశాక 1963లో బరోడా వెళ్ళి, కె.జి. సుబ్రమణ్యన్ వద్ద కుడ్యచిత్రణ నేర్చుకున్నారు. అచ్చు బొమ్మల పని కూడా అక్కడే పట్టుబడింది. ఆ తర్వాత నీటి రంగులు, పాస్టెల్, గాజు మీద చిత్రణ, కాల్చిన మట్టి, కంచు, ఇలా ఒకదాని తర్వాత ఒకటి చేపడుతూ వచ్చారు. 2016లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన పని చూస్తే నాకు తోచింది ఒకటే. మాధ్యమాలు ఎన్ని మారినా పల్లె మనుషులు, మేకలు, చెట్లు మారలేదు. అంటే కొత్త మాధ్యమం నేర్చుకోవడం తన ఊరిని వదులుకోవడం కాదు.

కరక్కాయ, చింతగింజ

మాధ్యమం అనగానే విదేశీ ట్యూబులే గుర్తుకు రానక్కరలేదు. శ్రీకాళహస్తి కలంకారీలో బట్టను ముందుగా కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో తడిపి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన ద్రవంతో గీత గీస్తారు. కరక్కాయలోని టానిన్, ఇనుము కలిసిన క్షణంలో గీత నల్లబడుతుంది. పాలలోని కొవ్వు గీతను చెదరనివ్వదు. ఎరుపు రావాల్సిన చోట పటిక పెట్టి, రంగునిచ్చే వేళ్ళతో కాస్తారు. పటిక ఉన్న చోటే ఎరుపు నిలుస్తుంది. రంగు బట్ట మీదే పుడుతుందన్న మాట. మనం మోర్డెంట్ అని పరీక్ష కోసం బట్టీ పట్టే మాటను అక్కడి వారు చేతులతో చదివారు.

చేర్యాల నకాషీ పటాలకు బట్ట మీద చింతగింజల అంబలి, సుద్ద మట్టి, బంక కలిపి పూతలు పూస్తారు. అది ఆరి నున్నగా అయ్యాకే రంగు. అన్న చదివే నూనె రంగుల పుస్తకంలో కాన్వాసుకు ముందు పూత తప్పనిసరి అని ఉంటుంది. పూత లేకుండా వేస్తే నూనె నూలు బట్టను క్రమంగా చివికిపోయేలా చేస్తుంది. దేశాలు వేరైనా రెండు చోట్లా సూత్రం ఒకటే. ముందు నేలను సిద్ధం చేసుకోవాలి.

శైలి మాటేమిటి?

మాధ్యమం పదార్థానికి సంబంధించినది. శైలి చూపుకు సంబంధించినది. రెండూ ఒకదాన్నొకటి లాగుతూ ఉంటాయి.

దీనికి రాజమహేంద్రవరం మంచి ఉదాహరణ. అక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర స్వయంగా చిత్రకారుడు. ఆయన ప్రోత్సాహం పొందిన వారిలో దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఉన్నారు. రామారావు బొంబాయి జె.జె. కళాశాలకు వెళ్ళి, మనిషిని ఎదుట కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చూసి గీసే పాశ్చాత్య శిక్షణ పొందారు. బాపిరాజు మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద కుమార్ చటర్జీ వద్ద బెంగాలీ పద్ధతి నేర్చుకున్నారు. నీటి రంగు వేసి, కాగితాన్ని తడిపి, మళ్ళీ వేసి, మళ్ళీ తడిపి, మంచులోంచి చూస్తున్నట్టు రంగును మెత్తబరిచే వాష్ పద్ధతి ఆ బెంగాలీ సంప్రదాయానిదే. గురువు ఒకరే, దారులు రెండు. రామారావు 1925లో ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే మశూచితో కన్నుమూశారు. ఒక కాలేజీ ప్రిన్సిపాల్ విద్యార్థి చేతిలోని కుంచెను గమనించినందువల్ల తెలుగు చిత్రకళకు ఎంత మేలు జరిగిందో మన కళాశాల వారు కూడా ఆలోచించాలి.

మా వైపు వారిలో కొండపల్లి శేషగిరిరావును తలచుకోవాలి. 1924లో ఇప్పటి మహబూబాబాద్ జిల్లా పెనుగొండలో పుట్టి, హైదరాబాదులో చదివి, నవాబు మెహదీ నవాజ్ జంగ్ సాయంతో శాంతినికేతన్ చేరి నందలాల్ బోస్ శిష్యులయ్యారు. హైదరాబాదు శిక్షణ పూర్తయిన వారు మళ్ళీ విద్యార్థిగా వెళ్ళి కూర్చున్నారు!

రాజా రవివర్మ కథ ఇంకా విచిత్రం. తిరువాన్కూరు ఆస్థానంలో నూనె రంగులు తెలిసిన రామస్వామి నాయుడు ఆయనకు ఆ విద్య నేర్పడానికి ఇష్టపడలేదంటారు. 1868లో థియొడోర్ జెన్సన్ అనే ఐరోపా చిత్రకారుడు ఆస్థానానికి వస్తే, ఆయనా పాఠం చెప్పలేదు; తాను వేస్తుంటే చూడనిచ్చారు. చూసీ, చెడగొట్టీ, మళ్ళీ వేసీ రవివర్మ నేర్చుకున్నారు. మన ఇళ్ళలో లక్ష్మీ సరస్వతుల పటాల వెనుక అంత తంటా ఉంది.

చివరగా

నేను తెలుసుకున్నదంతా ఒక నోటుపుస్తకంలో రాసి, మూడు గాజు ముక్కలతో సహా అన్నకు చూపించాను. అతను అవిసె నూనె పొరను గోటితో గీకి చూసి చాలాసేపు మాట్లాడలేదు. "అయితే నా చెయ్యి తప్పు కాదన్నమాట" అన్నాడు. "చెయ్యి తప్పు కాదు, తొందర తప్పు" అన్నాను. జూన్‌లో కాలేజీకి తిరిగి వెళ్ళాడు.

ఇంతటితో కష్టాలు తీరాయని రాస్తే అబద్ధమవుతుంది. మిరప అప్పు ఇంకా కొంత మిగిలే ఉంది. అన్న సెలవు రోజుల్లో బడి గోడలకు బొమ్మలు వేసి గది అద్దె కట్టుకుంటున్నాడు. కల్లం బొమ్మను మళ్ళీ మొదటి నుంచి వేశాడు. ఈసారి పలుచని పూతలు కింద వేసి, ఒక్కో పూత ముట్టి చూసుకుంటూ ఆగాడు. అది పూర్తి కావడానికి ఐదు నెలలు పట్టింది. పగిలిన పాత బొమ్మను పారేయబోతే పెదనాన్న ఒప్పుకోలేదు. మా ముందు గదిలో గోడకు అదే ఉంది. ఫోన్ చేసినప్పుడు పెద్దమ్మ "తిన్నావా?" తర్వాత "బొమ్మ ఆరిందా?" అని అడుగుతోంది.

మిత్రులారా, కొత్త విద్యలో అడుగుపెట్టిన వాడు మళ్ళీ ఒకటో తరగతి పిల్లవాడే. అక్కడ జరిగిన తప్పును చూసి తనకు ప్రతిభ లేదని నిర్ణయించుకోవడం తొందరపాటు. ముందు ఆ పదార్థం గుణమేమిటో, దానికి ఎంత సమయం కావాలో కనుక్కోవాలి. కనుక్కోవడానికి ఒకరికొకరం సాయపడాలి. సైన్సు వాళ్ళం ఆర్ట్స్ వాళ్ళ వైపు, ఆర్ట్స్ వాళ్ళు ల్యాబ్ వైపు తొంగి చూడకుండానే మన చదువులు అయిపోతున్నాయి. వచ్చే ఏడాది విద్యార్థి సంఘం వారు రంగుల తయారీ మీద ఒక్క రోజు ప్రదర్శన ఏర్పాటు చేస్తే, కెమిస్ట్రీ లెక్చరర్లూ, ఊళ్ళో బోర్డులు రాసే పెయింటర్లూ, బొమ్మలు వేసే విద్యార్థులూ ఒకచోట కలుస్తారు. గాజు ముక్కలూ నూనెలూ పెద్ద ఖర్చేమీ కాదు. మట్టి గోడల సంగతి చెప్పడానికి పెదనాన్నను నేను తీసుకొస్తాను.